గ్రంథాలయం నుంచి గ్రామసభకు

మండల కేంద్రంలో ఉన్న ఏ శాఖా గ్రంథాలయానికైనా ఉదయం పూట వెళ్ళి చూడండి. ఒక బల్ల చుట్టూ దినపత్రికలు పేజీలుగా పంచుకుని చదివే పెద్దవాళ్ళుంటారు. ఇంకో బల్ల దగ్గర గ్రూప్-2కో, కానిస్టేబుల్ ఉద్యోగానికో, పంచాయతీ కార్యదర్శి పరీక్షకో తయారవుతున్న పిల్లలుంటారు. ఆ పిల్లల్లో ఎవరినడిగినా పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిందనీ, 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయనీ, బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ సూచించిన మూడంచెల పంచాయతీ వ్యవస్థ 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో మొదలైందనీ తడుముకోకుండా చెప్తారు. పెద్దవాళ్ళను కదిలిస్తే పొత్తుల లెక్కలు, మంత్రివర్గ మార్పులు పూసగుచ్చినట్టు వినిపిస్తాయి. ఇంత చదువు ఉన్న ఆ గదిలో ఆ ఊరి పంచాయతీ జమాఖర్చుల కాగితం మాత్రం ఒక్కటీ కనిపించదు. పోయిన గ్రామసభలో ఏం తీర్మానించారో చెప్పగలిగినవాళ్ళూ అరుదు.

11వ షెడ్యూలులో 20వ అంశం గ్రంథాలయాలు. ఆ పిల్లలు బట్టీ పట్టిన జాబితాలో వాళ్ళు కూర్చున్న గది కూడా ఉంది. అయినా చదువు పరీక్ష హాలు వైపు, ఊరి వ్యవహారం నాయకుల ఇళ్ళ వైపు వెళ్ళిపోతున్నాయి. నేను నమ్మేది చెప్తాను. ఊరి రాజకీయంలో పాలుపంచుకోవాలనుకునేవాళ్ళు మొదట చేయాల్సింది ఊరి కాగితాలు చదవడం. ఒంటరిగా కాదు, పదిమందీ కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ చదవాలి. అందుకు గ్రంథాలయాన్ని మించిన చోటు ఊళ్ళో లేదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నవాళ్ళకు పుస్తకాలు దాచడమే పని కాదు. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివాళ్ళు గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ స్వాతంత్ర్యోద్యమాన్నీ ఒకే పనిగా చూశారు. అక్షరం రానివాళ్ళకు పత్రిక చదివి వినిపించడం గ్రంథాలయం బాధ్యతల్లో ఒకటిగా ఉండేది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం తిరిగింది. నిజాం పాలనలో సభ పెట్టుకోవాలంటే అనుమతి కావాల్సిన రోజుల్లో, హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో పుట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, ఆ దారిలో వెలసిన పఠన మందిరాలే తెలుగువాళ్ళు నలుగురు కలిసి మాట్లాడుకునే తావులయ్యాయి. అప్పటివాళ్ళకు లేనివి ఇవాళ మనకున్నాయి: ఓటుతో ఎన్నుకున్న పంచాయతీ, ఏ కాగితమైనా చూపించమని అడిగే హక్కు. ఆ హక్కును వాడుకునే అలవాటు ఒక్కటే ఇంకా రాలేదు.

ఏం చదవాలి?

మొదట డీసీబీ. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ అనే మూడు గడుల పట్టిక అది. ఇంటి పన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత బకాయి ఉంది అనేది అందులో తేలుతుంది. ఊరి ఆదాయంలో సొంత కాళ్ళ మీద నిలబడే భాగం ఇదే. డిమాండ్ అంకె ఏళ్ళ తరబడి కదలకుండా ఉందంటే కొత్త కట్టడాలు పన్ను జాబితాకు ఎక్కలేదని అనుమానించాలి. పెంకుటిల్లు పోయి రెండంతస్తుల మేడ లేచినా రిజిస్టరులో పాత కొలతే ఉండడం చాలాచోట్ల ఉన్నదే. అన్ని కాగితాల్లోకీ ఊరికి చురుక్కుమనిపించేది ఇది. అందుకే పేర్ల జోలికి పోకుండా ముందు వార్డులవారీ మొత్తాలు చదవమంటాను. పేర్లతో మొదలుపెడితే పాత పగలు లేస్తాయి, లెక్క మూలన పడుతుంది.

రెండోది కేంద్ర ఆర్థిక సంఘం నిధుల లెక్క. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం ముడిపెట్టిన నిధి. అందులో సగం తాగునీటికి, వాననీటి నిల్వకు, సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ మాత్రం వాడకూడదు. ఈ ఒక్క విభజన తెలిస్తే గ్రామసభలో సగం గొడవలు తగ్గుతాయి. 'నీళ్ళ పైపులకు డబ్బుంది కానీ మా వీధి రోడ్డుకు లేదా?' అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది. దొరకనప్పుడు మాత్రం ఆ ప్రశ్నను గట్టిగానే అడగాలి.

ఈ నిధుల ప్రణాళికలు, ఓచర్లు 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో కనిపిస్తాయి. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం వరసగా ఎంచుకుంటూ వెళ్తే చాలు, ఫోనులోనూ తెరుచుకుంటుంది. చిక్కు వేరేచోట ఉంది. పనుల పేర్లు ఇంగ్లీషులో, అదీ పొడి పొడిగా ఉంటాయి. 'డ్రైన్ మరమ్మతు' అని ఉంటుంది, ఏ వార్డు, ఎవరి ఇంటి నుంచి ఎవరి ఇంటి దాకా అన్నది ఉండదు. అదే పేరుతో వేర్వేరు ఏడాదుల్లో రెండు ఓచర్లు కనబడితే ఒకే పనికి రెండుసార్లు బిల్లు చేశారని ఎగిరిపడకూడదు. ముందు ఆ పేజీని తెలుగులో రాసుకుని, పక్కన ఖాళీ గడి వదిలి, ఒక్కో పని ఎక్కడ జరిగిందో ఊళ్ళో తిరిగి నింపాలి. నింపలేకపోయిన గడులే గ్రామసభకు తీసుకెళ్ళాల్సిన ప్రశ్నలు.

మూడోది ఏదో ఒక పని తాలూకు అంచనా కాగితం, దాని ఎం.బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు. ఒక్క సిమెంటు రోడ్డును తీసుకుని శ్రద్ధగా చదివితే, తర్వాత ఏ పని కాగితమైనా అర్థమవుతుంది. ఉదాహరణకు అంచనాలో 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉందనుకోండి. 100ను 3తో, వచ్చినదాన్ని 0.15తో గుణిస్తే 45 ఘనపు మీటర్లు. ఎం-20 రకం కాంక్రీటు సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్ళలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. అంటే 360 బస్తాలు. మందం 10 సెంటీమీటర్లకు తగ్గిస్తే కాంక్రీటు 30 ఘనపు మీటర్లే, సిమెంటు 240 బస్తాలే. ఎం.బుక్‌లో 45 రాసి నేల మీద 30 పోస్తే తేడా 120 బస్తాలు. దానికి తోడు ఇసుక, కంకర.

ఈ తేడా రోడ్డు అంచు చూస్తే తెలియదు. పక్క చెక్కలు 15 సెంటీమీటర్లకే కడతారు, లోపలి నేలను మధ్యలో ఎత్తుగా వదిలేస్తారు. కాబట్టి కొలవాల్సిన సమయం పోతకు ముందు. ఆ పక్క చెక్క నుంచి ఈ పక్క చెక్కకు దారం బిగించి లాగి, దారం నుంచి నేల దాకా ఎంత లోతుందో మధ్యలోనూ రెండు పక్కలా టేపుతో చూడాలి. ప్రతి పది మీటర్లకూ ఇలా చూసి కాగితం మీద రాసుకుంటే అరగంట పని. పోసేశాక చూద్దామంటే కోర్ (రోడ్డుకు రంధ్రం వేసి తీసే ముక్క) తీయించాల్సిందే, అది వేరే తతంగం. క్యూరింగ్ విషయంలోనూ ఊరే కాపలా కాయగలదు. మట్టితో మడులు కట్టి కనీసం 14 రోజులు నీళ్ళు నిలపాలి. ఎండాకాలంలో మూడు రోజులు తడిపి వదిలేసిన రోడ్డు పైపొర ఏడాది తిరక్కుండానే పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు అందరూ సిమెంటును తిడతారు. కలిపేటప్పుడు పోత సులువుగా జారాలని అదనంగా నీళ్ళు పోయడం కూడా అంతే చెరుపు చేస్తుంది. ఆ పని చేసేది తరచూ మేస్త్రీ, గుత్తేదారు అక్కడ లేనప్పుడు. చూసినవాళ్ళు అప్పుడే చెప్తే ఆగిపోతుంది.

బ్లీచింగ్ పౌడరు ఓచరు కూడా ఇలాగే చదవొచ్చు. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు కావాలి. 60 వేల లీటర్ల ట్యాంకును రోజుకు రెండుసార్లు నింపే ఊరికి రోజుకు 300 గ్రాములు, నెలకు 9 కిలోలు. నీటి నాణ్యతను బట్టి ఇది పెరగొచ్చు. ఓచర్లలో నెలకు 40 కిలోలు కనిపిస్తే అడగాలి, 2 కిలోలు కనిపిస్తే ఇంకా గట్టిగా అడగాలి. మూతి విప్పి వదిలేసిన బస్తాలోని పౌడరు తేమ పట్టి బలం పోగొట్టుకుంటుంది, కాబట్టి తూకం సరిపోయినా నీటిలో క్లోరిన్ ఉండకపోవచ్చు. చివరి వీధి కుళాయి దగ్గర నీటిలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోపుతో చూడమనండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి.

ఈ కాగితాలు ఇస్తారా అన్న సందేహం సహజమే. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నకళ్ళకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇవి చాలామందికి తెలుసు. తక్కువమంది వాడుకునేది రికార్డులు అక్కడే కూర్చుని చూసే హక్కు. మొదటి గంటకు డబ్బు కట్టక్కరలేదు. ఐదేళ్ళ ఓచర్లన్నీ నకలు తీసి ఇవ్వమని అడిగితే దరఖాస్తు పక్కన పడుతుంది, కార్యదర్శికీ మీకూ మధ్య మాటలు ఆగిపోతాయి. 'ఫలానా పని అంచనా, ఎం.బుక్, చివరి బిల్లు చూడాలి' అని ఒక్క పనికే అడిగితే తప్పించుకునే వీలు తక్కువ.

కార్యదర్శి గురించి ఒక మాట చెప్పాలి. ఇంటి పన్ను వసూలు, పారిశుద్ధ్యం, జనన మరణ నమోదు, పైనుంచి రోజూ వచ్చే యాప్‌లు, ఫొటోలు, వీడియో కాన్ఫరెన్సులు అన్నీ ఆ ఒక్క మనిషి నెత్తిన ఉంటాయి. కాగితం అడిగినవాళ్ళందరూ తన మీదకే వస్తున్నారనుకోవడంలో ఆశ్చర్యం లేదు. దరఖాస్తుకు ముందు నోటితో అడగండి. గ్రంథాలయంలో ఫలానా రోజు కూర్చుంటున్నాం, వీలైతే మీరే వచ్చి వివరించండి అని పిలవండి. వచ్చే కార్యదర్శులూ ఉంటారు. తాము రాసిన లెక్కను శ్రద్ధగా వినేవాళ్ళు దొరకడం వాళ్ళకు కూడా అరుదే.

ఇక కూర్చునే పద్ధతి. గ్రామసభకు వారం ముందు, సాయంత్రం, రెండు గంటలు చాలు. ఎనిమిది నుంచి పదిహేనుమంది. ఒకరు పైకి చదువుతారు, ఒకరు లెక్క వేస్తారు, ఒకరు ప్రశ్నలు రాస్తారు. ఈ మూడు పనులూ ప్రతిసారీ చేతులు మారాలి. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ ఇక్కడే చాలా బృందాలు చెడిపోతాయి. చదవగలిగినవాడొక్కడే అన్ని కాగితాలూ దగ్గర పెట్టుకుంటే, ఊళ్ళో ఇంకో పెద్దమనిషి తయారవుతాడు తప్ప ఇంకేమీ మారదు. పోటీ పరీక్షల పిల్లలను తప్పక పిలవండి. లెక్కలు వాళ్ళకు చకచకా వస్తాయి, పాఠంలో చదివిన గ్రామసభ ఎలా ఉంటుందో వాళ్ళకూ తెలుస్తుంది. ఆడవాళ్ళకు వీలుపడని వేళ పెట్టి, వాళ్ళు రాలేదని అనుకోవడం అన్యాయం. పొదుపు సంఘాల్లో ఏళ్ళుగా పుస్తకాలు రాస్తున్న ఆడవాళ్ళకు జమాఖర్చు చదవడం ఊళ్ళో అందరికన్నా బాగా వచ్చు. వాళ్ళ సమావేశం రోజునే, వాళ్ళు కూర్చునే చోటే చదవొచ్చు. గ్రంథాలయం ఏ వీధిలో ఉందో, అక్కడికి ఏ వాడవాళ్ళు మొహమాటం లేకుండా రాగలరో కూడా చూసుకోవాలి. రాలేని వాడ ఉంటే ఒక నెల కాగితాలే ఆ వాడకు వెళ్ళాలి.

అక్షరం రానివాళ్ళు ఇందులో ఏం చేస్తారని అడిగేవాళ్ళకు ఉపాధి హామీ సామాజిక తనిఖీలే జవాబు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ ఆ తనిఖీని గ్రామసభకు అప్పగించింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టికలు, పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఎవరి పేరున ఎన్ని రోజులు, ఎంత కూలీ రాశారో చదివి వినిపించేవాళ్ళు. సంతకం చేయలేని మనిషి కూడా 'ఆ వారం నేను ఊళ్ళోనే లేను' అని చెప్పగలిగింది, ఆ మాట రికార్డుకు ఎక్కింది. పైకి చదివితే కాగితం ఎవరికైనా అందుతుందని మన ఊళ్ళే రుజువు చేశాయి. ఆ పద్ధతిని పంచాయతీ లెక్కలకు వాడుకోకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది.

గ్రామసభలో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకు ఒకసారి జరపమంది. సభ జరపని సర్పంచ్ పదవికే ముప్పు వచ్చే నిబంధనలున్నాయి. ఆ భయంతో సభ కాగితం మీద జరిగిపోతుంది, పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది. దీనికి విరుగుడు గట్టిగా అరవడంలో లేదు. సంతకం పెట్టే ముందు తీర్మానం మొత్తం చదివి వినిపించమని అడగండి. మీ ప్రశ్నను అంకెలతో, తేదీతో, తీర్మానం నంబరుతో రాసి ఇచ్చి, మినిట్స్‌లో ఎక్కించమనండి. 'రోడ్డులో డబ్బు తిన్నారు' అంటే రెండు వర్గాలు లేచి నిలబడతాయి, సభ ముగుస్తుంది. 'మూడో వార్డు రోడ్డుకు ఎం.బుక్‌లో ఎన్ని ఘనపు మీటర్లు రాశారు?' అంటే ఎవరో ఒకరు పుస్తకం తెరవాలి. తెరవలేకపోతే అది సభ ముందే తెలుస్తుంది.

ఈ బృందాన్ని ఏదో ఒక పార్టీ ఖాతాలో వేయడానికి ఊరు వారం కూడా తీసుకోదు. ఓడిపోయినవాళ్ళు ముందుగా చేరతారు, గెలిచినవాళ్ళు ముందుగా దూరమవుతారు. పార్టీవాళ్ళను రానివ్వకూడదని నేననను, పార్టీ అనేది తప్పు పని కాదు. అయితే వరసగా రెండు పాలకవర్గాల కాలం నాటి కాగితాలను ఒకే సాయంత్రం చదవండి. అప్పటి రోడ్డు, ఇప్పటి రోడ్డు, ఒకే కొలత. ఇంతకన్నా నమ్మకం కలిగించే పని నాకు తెలియదు.

మరి కథలు, నవలలు, చరిత్ర ఎందుకు అంటే, వాటిని ఈ పనికి ముడిపెట్టి నేను సమర్థించబోను. మంచి పాఠకులైనవాళ్ళంతా మంచి పౌరులన్న మాట నేను నమ్మను. గ్రామసభ గుమ్మం తొక్కని గొప్ప పాఠకులు బోలెడంతమంది ఉన్నారు. కానీ కొన్ని వందల పేజీల పాటు మరొకరి కష్టాన్ని ఓపికగా వెంబడించడం అలవాటైనవాళ్ళు, చెరువు కింది రైతు చెప్పే నీటి గొడవనూ, చెత్త ఎత్తే మనిషి చెప్పే జీతం బకాయినీ మధ్యలో తెంపకుండా వింటారు. కలిసి చదివే బల్ల దగ్గర ఈ ఓపిక లేకపోతే అంకెలు రాళ్ళవుతాయి. అందుకని సాయంత్రం మొదటి అరగంట ఒక కథ చదువుకుని, తర్వాత ఓచర్లు తీయమంటాను.

చివరిగా ఆ గది డబ్బు సంగతి. ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు గడి చూడండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద రూపాయి పన్నుకు 8 పైసలు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలు కట్టే ఇల్లు గ్రంథాలయానికి 80 రూపాయలు ఇస్తోంది. సగటున 600 కట్టే వెయ్యి ఇళ్ళ ఊరు ఏటా 48 వేలు ఇస్తోంది. పంచాయతీ ఆ మొత్తాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. స్థానిక సంస్థలు వసూలు చేసి కూడా అక్కడికి పంపకపోవడం రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ళ తరబడి ఉన్న జబ్బు. కొత్త పుస్తకం రాదు, పత్రికలు తగ్గుతాయి, కప్పు కారుతుంది. ఆ 8 పైసలు కట్టినవాళ్ళకు ఇదంతా ఎందుకు జరుగుతోందో తెలియదు.

మీ బృందం మొదటి తీర్మానం దీని మీదే ఉంటే మంచిది. నాలుగు అంకెలు చాలు: పోయిన ఏడాది వసూలైన ఇంటి పన్ను, అందులో గ్రంథాలయ సెస్సు, సంస్థకు జమ చేసిన మొత్తం, మిగిలిన బకాయి. ఇవి సభలో చదివించి, బకాయి ఏ నెలలోగా కడతారో తీర్మానంలో రాయించండి. ఊళ్ళో గ్రంథాలయమే లేకపోతే పుస్తక నిక్షిప్త కేంద్రం (పుస్తకాలు తెచ్చి ఉంచి చదవడానికి ఇచ్చే చిన్న కేంద్రం) కావాలని అదే తీర్మానంలో కోరండి. పంచాయతీ భవనంలో ఒక గది, తలుపు తీసే మనిషి ఎవరో కూడా రాస్తే అడగడానికి బలం వస్తుంది. తీర్మానం నకలు ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి, ఒకటి జిల్లా పంచాయతీ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదులు గ్రంథాలయంలోనే ఫైలు చేయండి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలకు అధికారులు, ప్రజాప్రతినిధులు ఎలాగూ వస్తారు. ఆ ఫైలు అప్పుడు బల్ల మీద ఉండాలి.